వేణ్ణీళ్ల బాయిలరు: వెలిగించే ముందు తెలుసుకోవలసినవి

కృష్ణా డెల్టా చలి కాశ్మీరు చలి వంటిది కాదు. అయినప్పటికీ డిసెంబరు, జనవరి మాసాల్లో కాలువ గట్ల మీద మంచు కమ్ముకొన్న వేళ ఫజ్ర్ అజాన్ విని లేచే వృద్ధులకు, కీళ్లనొప్పులతో బాధపడేవారికి, మదరసాలలో చదివే పసివారికి తొట్టి నీరు తాకితే ఒళ్లు జలదరిస్తుంది. ఇబ్బందిని ఓర్చి వుజూను సంపూర్ణంగా చేసేవారికి గొప్ప పుణ్యం ఉన్నదని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అయితే కష్టాన్ని కోరి తెచ్చుకోవలసిన అవసరం లేదనీ, నీటిని కాచుకోవడానికి అభ్యంతరం లేదనీ ధర్మశాస్త్ర పండితులు స్పష్టం చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) కోసం ఒక పాత్రలో నీరు కాచేవారనీ, ఆయన ఆ నీటితో స్నానం చేసేవారనీ ఉల్లేఖనాలలో ఉన్నది.

ఈ అవసరం కోసమే మన ఇళ్ల పెరళ్లలో రాగి బాయిలర్లు, మసీదుల వుజూఖానాల పక్కన ఇనుప బాయిలర్లు, మదరసాల ఆవరణల్లో పెద్ద పెద్ద కాగులు వెలిశాయి. బాలింతల స్నానానికి, రోగుల గుస్ల్‌కు, జనాజా వేళ మృతదేహానికి స్నానం చేయించడానికి కూడా ఇవే ఆధారం. గ్యాసు ధర, కరెంటు బిల్లు పెరిగేకొద్దీ కట్టెల బాయిలరు వైపు మళ్లీ చూస్తున్న కుటుంబాలు, మసీదు కమిటీలు మాకు తరచు తారసపడుతున్నాయి. విజయవాడ వన్‌టౌన్ సందులు మొదలుకొని ఉయ్యూరు, గుడివాడ, బందరు పల్లెల వరకు మేము చూసిన వాటిలో ఒకే రకం పొరపాట్లు పదేపదే కనిపిస్తున్నాయి. వాటిని ఒకచోట చేర్చి పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. మన దేశంలో 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. ఈ చట్టాలు ఒత్తిడితో ఆవిరిని పుట్టించే మిల్లుల, కర్మాగారాల బాయిలర్లను ఉద్దేశించినవి. రైసుమిల్లు బాయిలరుకు తనిఖీ ఉంటుంది, అర్హత పత్రం పొందిన మనిషి ఉంటాడు. మన పెరటి బాయిలరు కేవలం నీరు కాచుకొనే పాత్ర గనుక దానిని చూడటానికి ఏ అధికారీ రాడు. కనుక దాని తనిఖీ భారమంతా దానిని నిలిపినవారి మీదనే ఉన్నది. దీనినే మనం అమానతు అంటాము.

ఆవిరికి దారి మూయరాదు

అన్నింటికంటె ప్రమాదకరమైన పొరపాటు ఇది. ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే ఇంచుమించు 1,600 లీటర్ల చోటు కోరుతుంది. ఆ చోటు దొరకనప్పుడు రాగి రేకైనా, ఇనుప రేకైనా చీలిపోతుంది. ఇళ్లలోని పాత రాగి బాయిలర్లకు నీరు పోసే గరాటు ఎప్పుడూ తెరిచి ఉంటుంది కాబట్టి ఆవిరి అటుగా వెళ్లిపోతుంది. ఇటీవల వెల్డింగు షాపులలో చేయిస్తున్న బాయిలర్లు అలా కాదు. వాటికి పైనున్న ట్యాంకు నుండి పైపు కలుపుతున్నారు. చల్లనీరు వచ్చే దారికి ఒక వాల్వు, వేడినీరు పోయే దారికి మరొక వాల్వు బిగిస్తున్నారు. రెండూ కట్టివేసి, కింద నిప్పు ఉన్నదనుకోండి. అది ఇక నీళ్ల పాత్ర కాదు, మందుగుండు.

అందుకే బాయిలరు పైభాగం నుండి ఆవిరి గొట్టం ఒకటి నిటారుగా పైకి వెళ్లాలి. దానికి ఏ వాల్వూ ఉండరాదు. డెల్టాలోని ఒక గ్రామ మసీదులో ఆ గొట్టం నోట్లో గుడ్డలు కుక్కి, పైన కట్టెముక్క దిగగొట్టి ఉండటం మేము కళ్లారా చూశాము. కారణం అడిగితే, గొట్టం నుండి నీరు కారి నేల తడుస్తున్నదని చెప్పారు. నీరు కారడానికి అసలు కారణం వేరు. ఆవిరి గొట్టం కొన ట్యాంకులోని నీటిమట్టం కంటె తక్కువ ఎత్తులో ఉన్నది. నీరు తన మట్టాన్ని వెదుక్కొంటుంది గనుక ఆ కొన నుండి కారింది. గొట్టాన్ని ట్యాంకు అంచు కంటె రెండు మూడు అడుగులు పైకి పొడిగిస్తే చుక్క కూడా కారదు. వంద రూపాయల పైపు ముక్కతో తీరే సమస్యకు గుడ్డలు కుక్కడం ఎంతటి ప్రమాదమో ఆలోచించండి.

ఆవిరి గొట్టానికి, వేడినీటి పైపుకు మామూలు పి.వి.సి. పనికిరాదు, వేడికి అది మెత్తబడి వంగిపోతుంది. జి.ఐ. పైపు వాడాలి. రాగి పాత్రకు జి.ఐ. పైపును నేరుగా బిగిస్తే ఇనుము త్వరగా తినివేయబడుతుంది గనుక నడుమ ఇత్తడి జోడింపు వేయించాలి.

నీరు ముందు, నిప్పు తరువాత

బాయిలరులో నీరు నిండిన తరువాతనే అగ్గిపుల్ల గీయాలి. పాత పద్ధతి బాయిలర్లు కొన్నింటిలో గరాటు గుండా పోసిన చల్లనీరు అడుగుకు చేరి, పైనున్న వేడినీటిని బయటకు తోస్తుంది. ఒక చెంబు పోస్తేనే ఒక చెంబు వస్తుంది. కావున పాత్ర ఎన్నడూ ఖాళీ కాదు. పెద్దల ఏర్పాటులో ఎంత వివేకం ఉన్నదో చూడండి. అడుగున కుళాయి ఉన్న బాయిలర్లలో ఈ రక్షణ లేదు. చివరి వ్యక్తి వేడినీరంతా పట్టుకొని పోతాడు, కింద నిప్పులు మాత్రం కణకణలాడుతూనే ఉంటాయి. నీరు లేని రాగికి వేసిన మాట్లు ఊడిపోతాయి. అది గమనించి కంగారుగా చల్లనీరు పోస్తే ఒక్కసారిగా లేచిన ఆవిరి ముఖాన కొడుతుంది. అలాంటి సమయంలో చేయవలసింది నీరు పోయడం కాదు. కట్టెలు బయటకు లాగి, పాత్రను దానంతట అది చల్లారనివ్వాలి.

నీటిమట్టం బయటకు కనిపించే గాజు గొట్టం పెట్టిస్తే మేలు. అది కుదరకపోతే కుళాయిని అడుగున కాక, పాత్ర ఎత్తులో మూడోవంతు పైన పెట్టించాలి. అప్పుడు ఎవరు ఎంత పట్టుకొన్నా అడుగున కొంత నీరు మిగిలే ఉంటుంది.

ఎక్కడ నిలపాలి?

స్నానాల గదిలోనే బాయిలరు పెట్టుకొనే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. వేడి వృథా కాదని వారి భావన. తలుపులు మూసిన గదిలో కట్టె గాని, బొగ్గు గాని మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరిగినట్లు, నిద్ర ముంచుకొచ్చినట్లు అనిపించి మనిషి అక్కడే కూలిపోతాడు. ముస్లిం సమాజాల హమాము సంప్రదాయంలో ఈ జాగ్రత్త వెనుకటి నుండీ ఉన్నది. ఉస్మానియా కాలపు హమాములలో కట్టెలు మండించే గది స్నానపు గదులకు విడిగా, గోడకు అవతల ఉండేది. నిప్పు బయట, నీరు లోపల అన్నది ఆ కట్టడాల నియమం. మన బాయిలరు కూడా ఆరుబయట, పైన రేకు నీడతో, నాలుగు వైపులా గాలి ఆడే చోట ఉండాలి.

మసీదులో అయితే ఖిబ్లా గోడ వైపు నిలపకూడదు. ఎదురుగా మండుతున్న పొయ్యి ఉండగా నమాజు చేయడం మక్రూహ్ అని హనఫీ గ్రంథాలు చెబుతున్నాయి. గోడ అడ్డమున్నప్పటికీ ఆ వైపును విడిచిపెట్టడమే మర్యాద. గాలిని కూడా గమనించాలి. బాయిలరు ఎక్కువగా పనిచేసే చలికాలంలో మన ప్రాంతంలో గాలి సాధారణంగా ఈశాన్యం నుండి వీస్తుంది. ఈశాన్య మూలలో బాయిలరు నిలిపితే పొగంతా మసీదు లోపలికే వస్తుంది. దక్షిణం వైపు, పొరుగు ఇళ్ల కిటికీలకు దూరంగా ఉన్న చోటు చూసుకోవాలి.

నేలమట్టం మీదనే పొయ్యి కట్టడం మరొక పొరపాటు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వరద సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తిన తీరు విజయవాడ వాసులు మరచిపోలేరు. అంతటి వరదను ఏ దిమ్మె కూడా ఆపలేదు. కాని ప్రతి ఏటా వచ్చే వాననీటికి పొయ్యి అడుగు నానకుండా ఉండాలంటే అడుగున్నర ఎత్తు దిమ్మె తప్పనిసరి. డెల్టా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. దాని మీద పునాది లేకుండా నిలిపిన బాయిలరు రెండు వానాకాలాలకే ఒరిగిపోతుంది. రెండు వందల లీటర్ల బాయిలరులో నీటి బరువే రెండు వందల కిలోలని గుర్తుంచుకోవాలి.

పల్లెలలో మరొక ముప్పు ఉన్నది. సార్వా వరి కోతలు ముగిసి గడ్డివాములు వేసే కాలమూ, బాయిలర్లు వెలిగే కాలమూ ఒక్కటే. వాము పక్కన, తాటాకు చూరు కింద బాయిలరు పెట్టరాదు. పొగగొట్టం కొనకు ఇనుప జల్లెడ బిగిస్తే నిప్పురవ్వలు ఆగుతాయి. అయితే ఆ జల్లెడ మసితో మూసుకుపోకుండా తరచు దులుపుతూ ఉండాలి.

పొగ, పొరుగువారి హక్కు

తెల్లవారుజామున గాలి కదలదు. నేల దగ్గరి చల్లని గాలి మీద కాస్త వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. ఆ వేళ పొట్టి గొట్టం నుండి వచ్చిన పొగ పైకి పోలేక సందు వెంబడి నేలబారుగా పరచుకొంటుంది. మనం వుజూ చేసే సమయానికి పక్కింటి ఉబ్బసం రోగి దగ్గుతూ లేస్తాడు. పొరుగువారు ముస్లిములైనా, కాకపోయినా వారి హక్కులో తేడా లేదు. మన ఆరాధన కోసం వెలిగించిన నిప్పు వారికి బాధ కలిగిస్తే అందుకు మనమే జవాబుదారులం.

ధర్మశాస్త్రంలో ఈ విషయం కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఉస్మానియా ప్రభుత్వం హనఫీ ఫిఖ్ ఆధారంగా కూర్పు చేయించిన ‘మజల్లా’లో 1200వ నిబంధన పొరుగువారికి కలిగే తీవ్రమైన హానిని గురించినది. ఇంటి పక్కన పెట్టిన కొలిమి, తిరగలి, పొయ్యి పొగ వంటివి దానిలో ఉదాహరణలుగా ఉన్నాయి. పొగ వల్ల ఇంట్లో ఉండలేని స్థితి ఏర్పడితే దానిని తొలగించవలసిందేనని ఆ నిబంధన సారాంశం.

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాలలో ఇంటి బయట చిన్న గదిలా ఉండే పెద్ద కట్టెల బాయిలర్లు వాడతారు. పొట్టి పొగగొట్టం, పచ్చికట్టె, అవసరానికి మించిన పరిమాణం వల్ల ఇరుగుపొరుగు ఫిర్యాదులు పెరిగి, చివరకు 2015లో అక్కడి పర్యావరణ సంస్థ కొత్తగా తయారయ్యే బాయిలర్ల పొగకు దేశవ్యాప్తంగా పరిమితులు విధించింది. దేశం వేరైనా తప్పులు ఒక్కటే.

పొగగొట్టం కొన, పది అడుగుల లోపునున్న ఏ కప్పు కంటెనైనా కనీసం రెండు అడుగులు ఎత్తుగా ఉండాలి. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. బాయిలరు నిలిపే ముందే ఇరుపక్కల ఇళ్లవారిని పిలిచి చోటు చూపించి మాట్లాడితే, తరువాత రాబోయే మనస్పర్థలు సగం తీరినట్లే.

పచ్చికట్టె లెక్క

అప్పుడే కొట్టిన కట్టెలో ఇంచుమించు సగం బరువు నీరే. పది కిలోల పచ్చికట్టె కొంటే దాదాపు ఐదు కిలోల నీటికి డబ్బు ఇచ్చినట్లు. ఆ నీటిని ఆవిరి చేయడానికే కట్టె వేడిలో పెద్ద భాగం ఖర్చవుతుంది. నిప్పు రాజుకోక పొగ ఊరుతుంది. ఆ పొగ గొట్టంలో చల్లబడి జిగురు మసిగా పేరుకుంటుంది. ఆ మసి ఏదో ఒకనాడు అంటుకొని గొట్టమంతా మండుతుంది.

మన ప్రాంతంలో కట్టెకు కొరత లేదు. నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబులు, తీరప్రాంతంలో సరుగుడు, కాలువ గట్లపై తుమ్మ, నూజివీడు తోటల మామిడి కొమ్మలు అడితులలో దొరుకుతాయి. సరుగుడు, తుమ్మ నిలకడగా మండుతాయి. కొబ్బరి చిప్పలు మంచి వేడినిస్తాయి గాని కొద్దికొద్దిగా వేయాలి. తడి కొబ్బరి డొక్కలు పొగ తప్ప మరేమీ ఇవ్వవు. తుపాను వెళ్లిన మరునాడు కూలిన చెట్ల కొమ్మలు చవకగా దొరుకుతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది. అంటే సరిగ్గా బాయిలర్లు వెలిగే కాలంలోనే. అలాంటి కట్టెను తెచ్చుకోవచ్చు, కాని ఆ చలికాలానికి కాదు, వచ్చే చలికాలానికి.

కట్టెను చీల్చి, నేలకు తగలకుండా దుంగల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు తెరిచి ఉంచాలి. ఒక వేసవి ఎండితే చాలు. ఎండిన కట్టె కొనల్లో పగుళ్లు కనిపిస్తాయి. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఖంగుమంటుంది. ప్లాస్టిక్ సంచులు, టైరు ముక్కలు, రంగు వేసిన పాత తలుపులు పొయ్యిలో వేయరాదు. వాటి పొగ విషం. నిప్పు రాజేయడానికి వాడే కాగితాలలో అల్లాహ్ నామం గాని, ఆయతులు గాని ఉన్నవేమో చూసుకొనే అలవాటు పిల్లలకు నేర్పాలి.

ఎంత పెద్ద బాయిలరు?

“పెద్దది తీసుకొంటే ఎప్పటికైనా పనికివస్తుంది” అన్న ఆలోచనతో కమిటీలు ఐదు వందల లీటర్ల బాయిలర్లు చేయిస్తున్నాయి. ఒక లెక్క చూద్దాం. ఫజ్ర్‌కు అరవై మంది వస్తారనుకొందాం. ఒక్కొక్కరికి రెండున్నర లీటర్లు చొప్పున నూట యాభై లీటర్ల గోరువెచ్చని నీరు చాలు. 22 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవడానికి 2,700 కిలో కేలరీలు కావాలి. కిలో ఎండుకట్టె సుమారు 3,500 కిలో కేలరీలు ఇస్తుంది. అందులో మూడోవంతే నీటికి చేరినా రెండున్నర కిలోల కట్టె సరిపోతుంది. దారిలో పోయే వేడిని కలుపుకొన్నా నాలుగు కిలోలకు మించదు. నూరు లీటర్ల బాయిలరులో నీటిని కొంచెం ఎక్కువగా కాచి చల్లనీటితో కలుపుకొంటే అందరికీ సరిపోతుంది. ఐదు వందల లీటర్లు కాచి, మిగిలినది చల్లార్చడం ఇస్రాఫ్ కాక మరేమిటి? దైవప్రవక్త (స) ఒక ముద్దుతో, అంటే ఇంచుమించు లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారని హదీసులలో ఉన్నది. మేము రెండున్నర లీటర్ల లెక్క వేసింది మన కుళాయిల అలవాటును బట్టి మాత్రమే.

డెల్టా నీటి స్వభావం

కృష్ణ కాలువ నీటికీ, బోరు నీటికీ ఎంతో తేడా. బందరు, కైకలూరు వైపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. ఇలాంటి నీరు కాగినకొద్దీ పాత్ర లోపల సున్నపు పొర గడుతుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. కట్టె ఎక్కువ ఖర్చవుతుంది, రేకు మాత్రం మాడిపోతుంది. ఏటా చలికాలానికి ముందు ఒకసారి చింతపండు పులుసు గాని, వెనిగరు కలిపిన నీరు గాని రాత్రంతా నిలిపి, కడిగి పారబోయాలి. ఆవిరి గొట్టం లోపల కూడా ఈ పొర పేరుకొంటుంది గనుక దానిలో తీగ దూర్చి దారి తెరిచి ఉన్నదో లేదో చూడాలి. బాయిలరు నీటిని తాగడానికి, వంటకు వాడరాదు.

ఎవరి చేతిలో ఉండాలి?

చాలాచోట్ల బాయిలరు పని మౌజన్ గారి మీద గాని, చిన్న విద్యార్థుల మీద గాని పడుతున్నది. పన్నెండేళ్ల పిల్లవాడిని నిప్పు దగ్గర కూర్చోబెట్టడం సేవా శిక్షణ కాదు. తల్లిదండ్రులు ఆ బిడ్డను మనకు అప్పగించింది చదువు కోసం. ఒక పెద్ద మనిషిని పేరు పెట్టి నియమించి, అతనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ఇంట్లో అయితే ఆ పని తల్లి ఒక్కదాని మీదనే వదిలివేయకుండా మగవారు పంచుకోవాలి.

అరవై డిగ్రీల నీరు అయిదు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాలుస్తుంది. పసిపిల్లలకు అంతకంటె తక్కువ సమయం చాలు. బకెట్టులో ముందు చన్నీళ్లు, ఆ తరువాతనే వేణ్ణీళ్లు పోయాలి. వుజూ కుళాయిలకు బాయిలరు నీటిని నేరుగా కలపక, నడుమ ఒక తొట్టిలో చల్లనీటితో కలిపి, మోచేయి ముంచి చూసి వదలాలి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలపాటు కుళాయి కింద చల్లనీరు ధారగా పోయాలి. ఇంకు, పేస్టు, నూనె రాయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోను చేయాలి.

మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ కాలిపోయిన సంగతి తెలిసినప్పుడు, నిప్పు మనిషికి శత్రువు వంటిదనీ, పడుకొనే ముందు దానిని ఆర్పివేయాలనీ ప్రవక్త (స) హెచ్చరించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. తెల్లవారుజామున నీరు వెచ్చగా ఉండాలని ఇషా తరువాత లావు దుంగ తోసి నిద్రపోయేవారు ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. బూడిదలో నిప్పు మరునాటి వరకు దాగి ఉంటుంది. దానిని నీటితో తడిపి, ఇనుప డబ్బాలో ఒక రోజు ఉంచిన తరువాతనే కొబ్బరి మొదళ్లలో వేసుకోవాలి.

ఈ చలికాలానికి ముందు ప్రతి కుటుంబ పెద్ద, ప్రతి మసీదు కమిటీ బాధ్యులు ఒక్క అరగంట వెచ్చించి తమ బాయిలరు చుట్టూ తిరిగి చూడాలని మా విన్నపం. ఆవిరి గొట్టం తెరిచి ఉన్నదా? పొగ ఎవరి కిటికీలోకి పోతున్నది? కట్టె ఎండిందా? ఫజ్ర్‌కు ముందు దాని దగ్గర ఎవరు నిలబడుతున్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు దొరికిన తరువాతనే నిప్పు వెలిగించండి. మన వెచ్చదనం ఎవరికీ హాని కాకుండా, మన పసివారికీ పొరుగువారికీ క్షేమం కలిగేలా నడుచుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.